దుప్పటి పిండే మనిషి

తాడు లాగాక తెరగుడ్డ కాసేపు ఎక్కడో చిక్కుకుని, తర్వాత ఒక్కసారిగా జారి కింద పడింది. బ్యాండువాళ్ళు పాట మధ్యలో ఆగిపోయారు.

ఎల్వెస్టాడ్ పెద్ద బజారు నడిమధ్యన, రాతి దిమ్మె మీద, కంచుతో పోతపోసిన ఆడమనిషి నిలబడి ఉంది. నడుం పైన నూలుపోగు లేదు. పావడా మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, తడి దుప్పటిని మెలితిప్పి పిండుతోంది. ఆ మెలికల్లోంచి నీళ్ళు ధారగా కారి కింద తొట్టిలో పడుతున్నాయి.

టెక్లా ఆ నీళ్ళ వంక చూడలేదు. ముఖం చూసింది. అది తన ముఖమే.

పక్కనే ఉన్న భర్త ఆల్‌గొట్ చేయి పట్టుకుంది. ఆల్‌గొట్ రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపించే పైలట్. ఎంత పొగమంచులోనైనా రాయిని రాయిగా, నీటిని నీటిగా పసిగట్టే చూపు అతనిది. అయితే ఆ చూపు అప్పుడు నేల మీద ఉంది. మర్యాదస్తుడు కాబట్టి బొమ్మను ఒక్కసారి చూసి తల దించేసుకున్నాడు.

"పదండి ఇంటికి," అంది అత్తగారు ఉల్రిక. "ఇంకా చూస్తూ నిలబడ్డారేంటి? కళ్ళు పోతాయి."

చుట్టూ ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో పిల్లాడి కళ్ళు చేత్తో మూశారు. టెక్లా తల గుడ్డను నుదుటి మీదికి లాక్కుని అత్తగారి వెనకే నడిచింది. ప్రతి అడుగుకీ ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తారేమోనని వీపంతా చెవులై నడిచింది. ఎవరూ పిలవలేదు. ఊరంతా బొమ్మను చూసిన మాట నిజమే గాని, ముఖం దాకా వెళ్ళే తీరిక ఎవరికీ లేకపోయింది.

అది పందొమ్మిది వందల పదకొండు వేసవి. అంతకు ముందు ఆ బజారులో ఉన్నది ఒక ఇనప చేతిపంపు. చలికాలంలో అది బిగుసుకుపోతే ఆడవాళ్ళు కెటిల్‌తో వేడినీళ్ళు తెచ్చి దాని మెడ మీద పోసి బతిమాలుకునేవారు. చెరువు నుంచి గొట్టాలు వేసి ఇళ్ళకు నీళ్ళు తెచ్చిన ఏడాది, ఆ సంబరానికి గుర్తుగా బజారులో ఒక ఫౌంటెన్ కట్టాలని పురపాలక సభ తీర్మానించింది. రాజుగారి బొమ్మ వస్తుందని కొందరూ, దేవదూత వస్తుందని కొందరూ, కనీసం నోట్లోంచి నీళ్ళు చిమ్మే చేపైనా వస్తుందని మిగతావాళ్ళూ అనుకున్నారు. పని మాత్రం ఆగ్డా రీలాండర్ చేతికి వెళ్ళింది. ఆమె మందుల షాపు రీలాండర్ గారి కూతురు. పారిస్‌లో శిల్పం నేర్చుకుని, పెళ్ళి చేసుకోకుండా, సిగరెట్లు కాలుస్తూ ఊరికి తిరిగొచ్చిన మనిషి. సభ ముందు ఆమె పెట్టిన నమూనా జానెడు మైనం బొమ్మ. జానెడు బొమ్మలో పెద్దలకు ఏం కనబడుతుంది? తలలూపేశారు.

అప్పటికి టెక్లాకు పెళ్ళి కాలేదు. ఏటి మొగలో ఉన్న చాకిరేవులో పెద్దిళ్ళ బట్టలు జాడించడం ఆమె పని. ఒక చలికాలం, మంచుగడ్డ పగలగొట్టిన గుంటలో చేతులు ముంచి దుప్పట్లు పిండుతూ ఉంటే ఆగ్డా గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. "నా గదిలో పొయ్యి ఉంటుంది. ఇదే పని అక్కడ చేస్తావా?" అని అడిగింది. అప్పటికే దగ్గుతో రొమ్ము పగిలిపోతున్న టెక్లాకు పొయ్యి అన్న మాట ఒక్కటే వినబడింది. మిగతాది తర్వాత తెలిసింది. సిగ్గుతో చచ్చినంత పనైనా, ముఖం మార్చేస్తానని ఆగ్డా మాట ఇచ్చాక ఒప్పుకుంది. ఆ చలికాలమంతా మందుల షాపు మేడ మీద పొడి దుప్పటి పిండింది.

మరుసటేడు ఆల్‌గొట్‌తో పెళ్ళయింది. అతనిది ప్రార్థన మందిరం కుటుంబం. పేకాట ముట్టరు, సారా ముట్టరు, డాన్సు అన్న మాట కూడా ఇంట్లో పలకరు. టెక్లాకు ఆ ఇల్లు నచ్చింది. అక్కడ అరుపులు లేవు. పైగా ఆల్‌గొట్ ఆమె పగిలిన వేళ్ళకు గొర్రె కొవ్వు రాసేవాడు. మేడ మీది చలికాలం సంగతి చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పడానికి మంచి రోజు ఒక్కటీ దొరకలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఉల్రిక హెర్రింగ్ చేప ముల్లు తీస్తూ అంది, "ఏ తల్లి కన్నదో గానీ, పగలంతా అలా నిలబడటానికి ఒళ్ళెలా ఒప్పిందో దానికి!"

"పోనీలేమ్మా," అన్నాడు ఆల్‌గొట్. "తినేటప్పుడెందుకు ఆ గొడవ."

"తినేటప్పుడే రా! ఇంత తిండి దొరకని ఆడవాళ్ళు కూడా ఒంటి మీద గుడ్డ వదల్లేదు ఈ ఊళ్ళో. నేను నలభై ఏళ్ళు చాకిరేవులో మోకాళ్ళరగదీసుకున్నాను. ఏం టెక్లా, నువ్వూ చేసినదానివేగా? ఎవరైనా అలా పిండుతారా బట్టలు?"

టెక్లా బంగాళాదుంప మింగింది. "తెలీదత్తయ్యా," అంది. "నేను సరిగ్గా చూళ్ళేదు."

మర్నాడు పొద్దున్నే గుడ్లు అమ్మే నెపంతో మందుల షాపు వెనక మెట్లెక్కింది. ఆగ్డా కిటికీ దగ్గర నిలబడి బజారు వంక చూస్తోంది. రాత్రి నిద్రపోయిన మనిషిలా లేదు.

"అమ్మగారూ, ముఖం మారుస్తానన్నారు."

"మార్చి చూశాను టెక్లా. నీ మీదొట్టు. వేరే ముఖం పెడితే చేతులు ఒప్పుకోలేదు. బలం ఒకళ్ళది, ముఖం ఇంకొకళ్ళది అయితే ఆ బొమ్మ అబద్ధమాడుతుంది."

"బొమ్మ అబద్ధమాడకూడదా? మరి నేనో? రోజూ ఇంట్లో ఆడాలి నేను!"

ఆగ్డా ముఖం పాలిపోయింది. "నా నోట నీ పేరు రాదు," అంది. "కోసినా రాదు."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. సభవాళ్ళు అడిగారు, పత్రికవాళ్ళు అడిగారు. ఆగ్డా పెదవి విప్పలేదు. చెప్పవలసినవాళ్ళు చెప్పకపోతే ఊరే చెప్పుకుంటుంది. వారం తిరక్కుండానే ఊరికి జవాబు దొరికింది: హుల్డా బ్రాంట్.

హుల్డా రేవు దగ్గరి సారాకొట్టులో గ్లాసులు అందించే మనిషి. మగాళ్ళు చెయ్యేస్తే ట్రేతో నెత్తి మీద కొట్టేది, ఆ తర్వాత పగలబడి నవ్వేది. మొదట్లో ఆమెకూ ఈ పుకారు నవ్వులాటగానే ఉంది. "నాకంత నడుమెక్కడుందిరా? ఉంటే మీ గ్లాసులెందుకు కడుగుతా?" అని కొట్టంతా నవ్వించింది. రెండో వారానికి నవ్వు ఆగిపోయింది. భార్యలు తగువులాడుతున్నారని కొట్టు యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. ఎవరో గుమ్మానికి తారు పూశారు. ఇల్లు అద్దెకిచ్చిన ముసలామె హుల్డా పెట్టెను వీధిలో పెట్టి తలుపేసుకుంది.

చేపల బజారులో టెక్లా కళ్ళారా చూసింది. హుల్డా రాగానే వరుసలో ఉన్న ఆడవాళ్ళు పావడాలు పక్కకి లాక్కున్నారు. చేపలామె ఆమెకు తూకం వేయనంది.

"నా చేతికేమన్నా కుష్టుందా?" అని హుల్డా చుట్టూ చూసింది. చూపు టెక్లా మీద ఆగింది. "నువ్వు చెప్పు పైలటు పెళ్ళామా. మీ గుళ్ళో వాళ్ళు దయ గురించి తెగ పాడుతారుగా. నేనేం చేశాను?"

టెక్లా నోరు తెరిచింది. వెనకాల ఉల్రిక ఉంది.

"ఏం లేదు," అంది టెక్లా, తనకే వినబడనంత మెల్లగా. హుల్డా ఖాళీ బుట్టతో వెళ్ళిపోయింది.

ఆదివారం ప్రార్థన మందిరంలో పాస్టరు ఎంగ్వాల్ గారు మామూలు కన్నా తక్కువ మాట్లాడారు. ఆయన కోపిష్టి కాడు, భయస్తుడు. ఊళ్ళో చేతులు దురదపెడుతున్నాయని ఆయనకు తెలుసు. "సభవాళ్ళు తేల్చేదాకా ఆ బొమ్మ మీద టార్పాలిన్ కప్పుదాం. పాటలు పాడుతూ వెళ్దాం, పాటలు పాడుతూ వచ్చేద్దాం. ఒక్క రాయి కూడా లేవకూడదు," అన్నారు.

టార్పాలిన్ కట్టడానికి ముడులు తెలిసినవాడు కావాలి గనక ఆల్‌గొట్‌ను రమ్మన్నారు. అతను కోటు గుండీలు పెట్టుకుని టెక్లా వంక చూశాడు. "నీకు ఒంట్లో బాగాలేనట్టుంది. నువ్వింటికెళ్ళు."

"లేదు," అంది. "వస్తాను."

ఎందుకు వస్తానందో ఆమెకే తెలీదు. ఇంట్లో కూర్చుని ఆ పాట దూరమవుతుంటే వినడం కన్నా పక్కన నడవడం నయమనిపించింది.

బజారుకు చేరేసరికి పాట దానంతటదే చచ్చిపోయింది. అక్కడ ముందే జనం ఉన్నారు. రాతిక్వారీ కుర్రాళ్ళు ఒక గుర్రబ్బండి తెచ్చి నిలబెట్టారు. ఒకడు దిమ్మెక్కి బొమ్మ మెడకు ఓడ తాడు ఉచ్చు బిగిస్తున్నాడు. ఇంకొకడి చేతిలో సమ్మెట. ఇద్దరు మనుషులు హుల్డాను రెండు రెక్కలూ పట్టుకుని తీసుకొచ్చి తొట్టి ముందు నిలబెట్టారు. ఆమె జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఒక చెప్పు లేదు.

"అబ్బాయిలూ, ఇలా కాదు," అన్నారు పాస్టరు గారు. "టార్పాలిన్ అనుకున్నాం కదా!"

"మీరు పాడుకోండి పాస్టరు గారూ, మేం లాగుతాం," అన్నాడు సమ్మెటవాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు. "ముందు ఈవిడ గారు తన నోటితో ఒప్పుకోవాలి. ఏమ్మా హుల్డా, నువ్వేనా, కాదా?"

"నేను కాదు," అంది హుల్డా. "వందసార్లు చెప్పాను. మీ చెవుల్లో తారు పోసుకున్నారా?"

"మరెవరో చెప్పు!"

"నాకెలా తెలుస్తుంది? మీ అమ్మనడుగు!"

ఆమెను పట్టుకున్నవాడు రెక్క మెలితిప్పాడు. హుల్డా అరవలేదు, పళ్ళు బిగించుకుంది. తాడు రెండో కొస ఎవరో విసిరితే అది గాల్లో తిరిగొచ్చి ఆల్‌గొట్ చేతుల్లో పడింది. తాడు వస్తే పట్టుకోవడం పడవ మనిషికి అలవాటు. పట్టుకున్నాడు.

టెక్లాకు ఆ తరువాత జరిగింది ఎప్పుడూ వరసగా గుర్తురాలేదు. ముందు చన్నీళ్ళు గుర్తొస్తాయి. బూట్లతో, ఆదివారం గౌనుతో తొట్టిలోకి దిగేసింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. పైనుంచి ధార భుజం మీద పడింది. ఎవరో "పిచ్చిదా ఏంటి!" అన్నారు. ఆమె తల గుడ్డ విప్పింది. జడ ఊడదీసింది. తన నల్లటి ఆప్రాన్ నీళ్ళలో ముంచి, పావడా మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు ఎడం చేసి, ఒళ్ళంతా ఒక పక్కకు తిప్పి ఆప్రాన్ పిండడం మొదలుపెట్టింది.

సమ్మెటవాడు పైన కంచు మనిషిని చూశాడు. కింద టెక్లాను చూశాడు. మళ్ళీ పైన చూశాడు. ఊరు ఊరంతా ఆ రోజు మొదటిసారి ఆ బొమ్మ ముఖం చూసింది.

"హుల్డాని వదలండి," అంది టెక్లా. "ఇది నేను. మందుల షాపు మేడ మీద నిలబడింది నేను. ఇంకెవరూ కాదు."

ధార పడుతున్న చప్పుడొక్కటే. టెక్లా చూపు ఆల్‌గొట్‌ను వెతికింది. అతను తాడు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి ఆమెకు నీళ్ళ చలి మొదటిసారి ఎముకలకు తగిలింది.

"ఇంకేం, తెలిసిపోయిందిగా!" అన్నాడు బండి మీది కుర్రాడు, మళ్ళీ ధైర్యం తెచ్చుకుని. "లాగండ్రా!"

కుర్రాళ్ళు ఆల్‌గొట్ ముందు తాడందుకుని లాగడంతో అది బిగిసింది. కంచు మెడ మీద ఉచ్చు కిర్రుమంది. ఆల్‌గొట్ లాగడమూ లేదు, వదలడమూ లేదు.

అప్పుడు గుంపులోంచి చేతికర్ర టకటకలాడించుకుంటూ ఉల్రిక బయటికొచ్చింది. తొట్టి ముందు ఆగింది. కోడలి వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకు పాలు విరిగిపోతాయి. తర్వాత బండి వైపు తిరిగింది.

"ఆ తాడు ఎవరి మెడకి కట్టార్రా?"

"బొమ్మకండీ."

"బొమ్మకా? ఆ ముఖం ఎవరిదో ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. మా ఇంటి పిల్ల మెడకి ఉరితాడేసి బజార్లో గుర్రాలతో ఈడుస్తారా? నా కళ్ళెదురుగా?"

"అమ్మా, నువ్వేగా నిన్నటిదాకా..." అని ఎవరో అన్నారు.

"నిన్న అది ఎవత్తో! ఇవాళ మా కోడలు. దాన్ని తిట్టాలంటే నేను తిడతాను, ఇంటికెళ్ళి, తలుపేసుకుని. మీరెవరు?" ఆమె కొడుకు వైపు తిరిగింది. "వదులు."

ఆల్‌గొట్ తల్లి వంక చూశాడు.

"వదలమంటే!"

తాడు అతని చేతుల్లోంచి జారి నేల మీద పడింది. అది చూసి లాగేవాళ్ళూ పట్టు వదిలేశారు. పాస్టరు గారు, ముసలి కాళ్ళతో దిమ్మెక్కి, ముడి విప్పబోయి విప్పలేక, పక్కవాణ్ణి చాకు అడిగి కోసేశారు. ఆ ఘడియ కోసం ఆయన బతుకంతా ఎదురుచూసినట్టు చేతులు చకచకా ఆడాయి. సమ్మెటవాడు ఉత్తి చేతులతో వెళ్ళలేక ఒక దెబ్బ దిమ్మె మీద వేసి, రాయి పెచ్చు లేచాక, సమ్మెట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మెడ మీద తాడు ఒరుసుకున్న చోట కంచు రంగు పోయి ఒక గీత మిగిలింది.

హుల్డా తన చెప్పు వెతుక్కుని తొడుక్కుని టెక్లా దగ్గరికొచ్చింది. టెక్లా తొట్టి దిగుతూ చేయి చాపింది. హుల్డా ఆ చేయి అందుకోలేదు.

"చేపల బజార్లో అడిగాను నిన్ను," అంది.

"అడిగావు."

"ఇవాళ మంచిపనే చేశావులే. కానీ ఆ రోజు చెయ్యలేదు." అంతే అని వెళ్ళిపోయింది. ఆ శరత్కాలంలో ఆమె ఆగ్డా ఇంట్లో వంటకు కుదిరింది. టెక్లా ఎదురుపడితే తలూపేది. అంతకు మించి ఎప్పుడూ స్నేహం కాలేదు.

పురపాలక సభ వాదించి వాదించి చివరికి బొమ్మను ఉండనిచ్చింది. తీసేస్తే తాము జానెడు బొమ్మను సరిగ్గా చూడలేదని ఒప్పుకున్నట్టవుతుందని కొందరు సభ్యులకు తోచడమే అసలు కారణమంటారు. ఫలకం మీద చెక్కిన పేరు "జలోత్సవ ఫౌంటెన్". ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. కొన్నేళ్ళు "దుప్పటి పిండే మనిషి" అన్నారు. తర్వాత తరం పిల్లలు, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియకుండానే, "టెక్లా దగ్గర కలుద్దాం" అనడం మొదలుపెట్టారు. తాడు గీతను కొత్త కంచుతో పూడుస్తామని ఒక కమిటీ వస్తే చాకిరేవు ఆడవాళ్ళు వద్దన్నారు.

అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం ఉల్రిక అన్న ప్రకారమే ఇంటికెళ్ళి, తలుపేసుకుని తిట్టింది. తిట్టడం అయ్యాక కోడలితో మాట్లాడటం మానేసింది. కాఫీ మాత్రం ఎప్పట్లాగే రెండు కప్పులు పోసేది. ఆల్‌గొట్ ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని, పైలట్లు ఓడల కోసం కాచుకునే దీవికి వెళ్ళిపోయాడు. మామూలుగా వారానికొకసారి ఇంటికొచ్చే మనిషి రాలేదు. ఓడలు వచ్చాయి, వెళ్ళాయి. టెక్లా రోజూ కిటికీలోంచి పడవలను చూసేది. అతను ఇక రాడని ఒక పూట, వస్తే ఏమంటాడోనని ఇంకొక పూట భయపడేది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం, గాలివానలో, ఒళ్ళంతా ఉప్పునీళ్ళతో వచ్చాడు. సంచీ గుమ్మంలో పెట్టాడు. కుర్చీలో కూర్చుని బల్ల వంకే చూశాడు. టెక్లా రై రొట్టె కోసి ముందు పెట్టింది. తినలేదు.

"బజారు మీదుగా వచ్చాను," అన్నాడు చివరికి. "ఆగి చూశాను. సరిగ్గా."

టెక్లా కత్తి కింద పెట్టింది.

"నువ్వప్పుడు జబ్బుగా ఉన్నావు కదా, ఆ ఏడాది. దగ్గుండేదని చెప్పావొకసారి."

"ఉండేది."

"పొద్దస్తమానం అలా నిలబడ్డావా? చేతులు లాగలేదూ?"

"లాగేవి," అంది. "మధ్యమధ్యలో ఆవిడే దించమనేది. పాలు వేడి చేసి ఇచ్చేది."

బయట వాన చూరు మీద దబదబా పడుతోంది. ఆల్‌గొట్ లేచి, తడిసిన చొక్కా తలమీదుగా విప్పి, ఒక కొస ఆమె చేతికందించాడు. రెండో కొస తను పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో వైపుకీ తిప్పారు. నేల మీద నీళ్ళు పడుతుంటే పక్కగదిలోంచి ఉల్రిక, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి, కోడలి పేరు పెట్టి అరిచింది: "టెక్లా! ఇంట్లో పిండుతారా ఎవరైనా? బకెట్ పెట్టుకోండి!"